మైనస్ నాలుగున్నర మజీదు

నర్సరావుపేటలో మల్లమ్మ సెంటరుకు నాలుగు కొట్ల ఇవతల, కోటిలింగం బట్టలకొట్టు అరుగును ఆనుకుని అబ్దుల్ మజీద్ వాచీల బంకు ఉండేది. బంకు అన్నానని మరీ పెద్దగా ఊహించుకోకండి. అందులో మజీదు కూర్చుంటే ఆయన మోకాళ్ళకు చోటుండేది కాదు, మోకాళ్ళు సర్దితే మజీదుకు చోటుండేది కాదు. ఆ పెట్టెలో ముప్పై ఏళ్ళుగా కూర్చుని ఊళ్ళోవాళ్ళందరి టైమూ బాగుచేశాడు గాని, తన టైము ఎప్పుడు బాగుపడుతుందో ఏ వాచీలోనూ ఆయనకు కనపడలేదు.

వయసు నలభై ఆరు. రెండు కళ్ళకూ మైనస్ నాలుగున్నర. అద్దాలు తీస్తే రోడ్డుకు అవతల ఉన్నది మనిషో, మిరపకాయల బస్తానో చెప్పలేడు. బస్తా నడవడం మొదలుపెడితే మనిషని ఖాయం చేసుకునేవాడు.

దగ్గరి చూపు సంగతి వేరు. మిగతా వాచీ మెకానిక్కులు పని మొదలుపెట్టేటప్పుడు కంటికి గొట్టంలాంటి భూతద్దం బిగించుకుంటారు. మజీదు ఉన్న అద్దాలు కూడా తీసేస్తాడు. తీసి, వాచీని ముక్కుకు జానెడు దూరంలో పెట్టుకుంటే చాలు. వెంట్రుక కన్నా సన్నంగా చుట్టలు చుట్టుకుని ఉండే హెయిర్ స్ప్రింగులో ఏ చుట్ట ఏ చుట్టకు తగులుతోందో ఉత్త కంటితో పట్టేస్తాడు. పట్టకారుతో దానికో మాట చెబుతాడు. స్ప్రింగు వింటుంది. బేరం వస్తే అద్దాలు పెట్టుకుని ఎవరా అని చూస్తాడు, వాచీ చేతికి రాగానే మళ్ళీ తీస్తాడు.

"వాచీని చూడాలంటే అద్దాలు తీస్తావు, వాచీ గలాయన్ని చూడాలంటే పెడతావు. మడుసులకంటే వాచీలే తేటగా ఉంటయ్యని గదరా దీని అర్థం!" అనేవాడు కోటిలింగం. ఇద్దరూ మునిసిపల్ స్కూల్లో ఒకే బెంచీ మీద దెబ్బలు తిన్నవాళ్ళు.

ఈ పెట్టుకోవడం, తీయడం రోజుకు వందసార్లు. తీసినవి ఎక్కడ పెట్టాడో వెతకాలంటే అద్దాలు కావాలి, అద్దాలు కావాలంటే వెతకాలి. ఏడాదిలో రెండుసార్లు వాటిమీద తనే కూర్చునేవాడు. "ముక్కు మీద కూర్చోబెట్టాల్సిన దాని మీద మీరు కూర్చుంటే ఎట్టాగండీ?" అని ఆయన భార్య మహమూదా మొత్తుకునేది. ఆవిడ ఇంట్లో జాకెట్లు కుట్టేది. నలభై దాటాక సూదిలో దారం ఎక్కించడం ఆవిడకు కష్టమైంది. అందుకని రోజూ పొద్దున బంకుకు బయలుదేరే ముందు మజీదు అద్దాలు నుదుటి మీదికి తోసి అరడజను సూదులకు దారాలు ఎక్కించి పోయేవాడు. ఒక్కో సూదికి ఒక్కో గుక్క టీ, అంతే పట్టేది.

ఎనభై ఏడులో కీ ఇచ్చే వాచీలకు కీడు మూడింది. సెల్లు వాచీలు వచ్చిపడ్డాయి. అవి చెడితే సెల్లు మారుస్తారు, అప్పటికీ తిరక్కపోతే వాచీనే మారుస్తారు, మెకానిక్కు మొహం మాత్రం ఎవరూ చూడరు. గిరాకీ కోసం ఎదురుచూసి మజీదు కళ్ళు వాచాయి గాని వాచీ రాలేదు. అలాంటి రోజుల్లో ఒకాయన తన తండ్రిగారి పాత వాచీ పట్టుకుని వచ్చాడు. గుంటూరులో మూడు కొట్లవాళ్ళు చేతులెత్తేసిన వాచీ అది. మజీదు అద్దాలు తీసి, జానెడు దూరంలో దాని పొట్ట విప్పి, గంటన్నరలో నడిపించాడు.

ఆయన పేరు వెంకట్రామయ్య. దాచేపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో మీటర్లు చూసే ఇంజనీరు.

"మజీద్ భాయ్, మా దగ్గర గాలి ఒత్తిడి మీటర్లు, వేడి చూపించే మీటర్లు, గేటు దగ్గర కార్డు గుద్దే గడియారం, అన్నిట్లోనూ ముల్లూ స్ప్రింగే. చెడితే హైదరాబాదు పంపాలి. పోయింది రావటానికి మూణ్ణెల్లు. మీరు మా దగ్గరికి వచ్చేయండి. కాంట్రాక్టు మీద నెలజీతం ఇప్పిస్తాను" అన్నాడు.

మజీదు అద్దాలు పెట్టుకుని ఆయన మొహం చూశాడు. వెంకట్రామయ్య చూపు ఆయన కళ్ళజోడు మీద ఆగింది.

"ఒకటే చిక్కు. మెడికల్ టెస్టులో అద్దాలున్నవాళ్ళని పాస్ చేయరు. మీటర్లు ఎక్కడెక్కడో పైన ఉంటాయి, ఇనప నిచ్చెన్లు ఎక్కాలి. ధూళి పడితే అద్దాలు మసకలైపోతాయి. నిరుడు ఒకతను మెట్టు కనపడక జారాడు. అద్దాలు లేకుండా గోడ మీది అక్షరాలు చదివితే చాలు. ఎట్లా చదువుతారో మీ ఇష్టం. రెండు నెలలు టైముంది."

ఆయన వెళ్ళగానే కోటిలింగం గజం బద్దతో సహా అరుగు దిగి వచ్చాడు. పక్కకొట్టు సంగతి వినడంలో ఆయన చెవి, మజీదు కంటితో సమానం.

"ఆలోచించేది ఏందిరా? ఆపరేషను చేయించుకో. మా షడ్డకుడి కొడుకు మద్రాసు పోయి చేయించుకున్నాడు. పొద్దున పోయాడు, మాపటికి వచ్చాడు. కళ్ళజోడు తీసి సముద్రంలో ఇసిరేశాడంట."

"చేపలకి సైటుందనా?"

"ఎకసెక్కాలు ఆపు. పేపర్లో కూడా చదివా. లేజరని అమెరికాలో కొత్తగా వచ్చిందంట. కత్తీ లేదు, నెత్తురూ లేదు, వెలుతురుతోనే కోస్తారంట."

"వెలుతురుతో కోతేందిరా? మనకి కోతొస్తే వెలుతురు పోద్ది."

నిజమే. పల్నాట్లో కోత అంటే రెండే, చేలో కోత, కరెంటు కోత. మూడోది కంటికోత అని ఆ వేళే మజీదు చెవిన పడింది. ఇంటికి పోయి చెబితే మహమూదా చేతిలో కత్తెర కింద పెట్టేసింది.

"కంట్లో కత్తి పెట్టించుకుంటారా? నేను గుడ్డ కోయాలంటేనే రెండుసార్లు కొలుచుకుంటా. కోసింది మళ్ళా అతకదు, తెలుసా?"

"నెలజీతం మహమూదా. ఒకటో తారీకు రాగానే జీతం."

ఆవిడ కత్తెర మళ్ళీ తీసుకుంది గాని, ఆ పూట గుడ్డ కోయలేదు.

గుంటూరులో డాక్టర్ ఫిలోమినా అని కంటి డాక్టరు. మనిషి పొట్టి, మాట గట్టి. మజీదును చీకటిగదిలో కూర్చోబెట్టి, ఎదురుగా గోడమీద అక్షరాలు చదివించి, కళ్ళలోకి దీపం కొట్టి చూసి, "ఏం పని చేస్తావయ్యా?" అని అడిగింది.

"సిమెంటు ఫ్యాక్టరీలో అండీ" అన్నాడు మజీదు, గర్వంగా. ఉద్యోగం ఇంకా రాలేదు. అయినా ఆ మాట అనడానికి చానా బాగుంది. ముప్పై ఏళ్ళు చేసిన పని పేరు చెప్పకుండా, మూడు రోజులుగా కలలోకి వస్తున్న పని పేరు చెప్పాడు.

"అద్దాలు ఎందుకు వద్దు?"

"మెడికల్ టెస్టులో తీసుకోరంటండీ. లేజరు అని..."

"లేజరు మాట మరిచిపో. అది ఇంకా ప్రయోగాల్లోనే ఉంది. మన దాకా రావటానికి ఏళ్ళు పడుతుంది. ఇప్పుడు మద్రాసులో చేసేది వజ్రం అంచున్న చిన్న కత్తితో. కంటి పైపొర మీద సైకిలు చక్రం పుల్లల్లాగా సన్నటి గాట్లు పెడతారు. పొర కాస్త చదునై దూరపు చూపు వస్తుంది. కొంతమందికి పూర్తిగా వస్తుంది, కొంతమందికి కొంచెమే. రాత్రిళ్ళు దీపాల చుట్టూ కిరణాలు కనపడతాయి. ఒకసారి పెట్టిన గాటు మళ్ళీ తీయలేం."

"రెండో దారి?"

"కాంటాక్టు లెన్సు. నల్లగుడ్డు మీద పెట్టుకునే మెత్తటి పొర. పొద్దున పెట్టుకోవాలి, రాత్రి తీయాలి. కాని సిమెంటు ధూళికీ లెన్సుకీ పడదు. ఫ్యాక్టరీలో పనంటున్నావు కాబట్టి ఆపరేషనే మేలేమో. ఒక్కటి గుర్తుపెట్టుకో. నీకు నలభై దాటింది. ఏది చేసినా దగ్గరి చూపుకి వేరే అద్దాలు కావాల్సి రావచ్చు."

మజీదు నవ్వాడు. "దగ్గరికి నాకు అద్దాలెందుకు డాక్టరమ్మగారూ? దగ్గరికి నేను గద్దని."

"గద్ద దూరానికయ్యా" అంది ఆవిడ, చీటీ రాస్తూ.

మద్రాసు ఆసుపత్రికి ఆవిడే ఉత్తరం రాసింది. నవంబరు పదహారున రమ్మని జవాబు వచ్చింది. "ఈలోపు లెన్సులు పెట్టుకుని చూడు. అద్దాలు లేని బతుకు ఎట్లా ఉంటుందో తెలుస్తుంది. అప్పటికీ కావాలంటే కోయించుకో" అని రెండు లెన్సులు తెప్పించి పెట్టింది. వాటితోపాటు రెండు గుంటలున్న చిన్న డబ్బీ, ఉప్పునీళ్ళ సీసా ఇచ్చింది. కంట్లో లేని వేళ లెన్సు ఆ నీళ్ళలోనే ఉండాలని అక్కడి నర్సు మూడుసార్లు చెప్పింది. మజీదు మూడుసార్లూ తలూపాడు. తల ఊపితే చెవిలోకి పోతుందన్న గ్యారంటీ ఏమీ లేదు.

మొదటి రోజు పొద్దున లెన్సులు పెట్టుకోవడానికి ముప్పావు గంట పట్టింది. లెన్సు కంటికి తప్ప అన్నిటికీ అంటుకుంది. వేలికి, రెప్పకి, ఒకసారి మీసానికి. చివరికి ఎక్కి కూర్చుంది. మజీదు కళ్ళు చికిలించి, తెరిచి, వాకిట్లోకి వచ్చాడు.

"మహమూదా! కోటప్పకొండ! అద్దాల్లేకుండానే మెట్లదారి కూడా కనపడతందే!"

"నాకు రోజూ కనపడతానే ఉంది" అంది ఆవిడ. అయినా ఆయన మొహం చూసి నవ్వింది. ముక్కు మీద ముప్పై ఏళ్ళ గుంటలు రెండు, ఖాళీగా. "కొత్త పెళ్ళికొడుకులాగున్నారు. రండి, సూదులు."

మజీదు సూది అందుకున్నాడు. అద్దాలు నుదుటి మీదికి తోయబోయి ఉత్త నుదురు తోశాడు. దారం నాలుకకి తడిపి పెట్టాడు. దారం సూది పక్కనుంచి పోయింది. మళ్ళీ పెట్టాడు. ఈసారి అవతలి పక్కనుంచి పోయింది.

"ఇదేం దారం, పీచు లేచిపోయి ఉంది?"

"నిన్నటి దారమే."

"సూది బెజ్జం మూసుకుపోయింది."

"నిన్నటి సూదే" అంది మహమూదా మెల్లగా. ఇప్పుడావిడ నవ్వడం లేదు. మజీదు బంకుకు పొద్దుపోతోందని లేచి పోయాడు. సూదులు ఆరూ అట్లాగే ఉండిపోయాయి.

సెంటర్లో మాత్రం ఊరేగింపే. అవతలి అరుగు మీది వాళ్ళను పేరు పెట్టి పలకరించాడు. మాచర్ల బస్సు మలుపు తిరగకముందే బోర్డు చదివాడు. "ఒరేయ్, నీ కొట్టు మీద 'వస్త్రాలయం'లో వత్తు రంగు పోయిందిరా" అని కోటిలింగానికి చెప్పాడు. "ఎనిమిదేళ్ళైంది పోయి" అన్నాడు కోటిలింగం.

తర్వాత పని ముందు కూర్చున్నాడు. ముందురోజు విప్పిపెట్టిన ఆడవాళ్ళ వాచీ ఒకటి ఉంది, చింతగింజంత. దాన్ని జానెడు దూరంలో పెట్టుకున్నాడు. డయలు ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ కనపడింది. స్క్రూలు ఉండాల్సిన చోట ఏమీ లేవు. మూరెడు దూరం జరిపాడు. మచ్చ కొంచెం గుండ్రమైంది. చేయి పూర్తిగా చాచాడు. అంత దూరంలో అంకెలు తేలాయి గాని, చాచిన చేత్తో పట్టకారు పట్టుకునే మెకానిక్కు ఇంకా పుట్టలేదు.

బల్బు తుడిచాడు. బల్ల తుడిచాడు. వాచీలో నూనె చిక్కబడిందేమోనని పెట్రోల్లో కడిగాడు. చివరికి సొరుగు అడుగున, తనకు పని నేర్పిన ఉస్తాదు ఎప్పుడో ఇచ్చిన భూతద్దం తీసి కంటికి బిగించాడు. అంతా పెద్దదై కనపడింది, నిజమే. కాని ముప్పై ఏళ్ళుగా ఆయన చెయ్యి ఆయన కంటిని చూసి కదిలేది. ఇప్పుడు కన్ను చెప్పిన చోటుకు చెయ్యి పోలేదు, చెయ్యి పోయిన చోట కంటికి ఏమీ లేదు. పట్టకారు తగిలి ఇసకరేణువంత స్క్రూ ఒకటి ఎగిరింది. ఎటు పోయిందో చూడటానికి కూడా ఆయన దగ్గర చూపు లేదు.

అప్పుడు మజీదుకు చెమట పట్టింది. సెల్లు వాచీలు వచ్చినప్పుడు పట్టనంత చెమట.

లెన్సులో ఏదో దోషం ఉందనుకున్నాడు. చేతులు కడుక్కుని, పని చేసే కన్ను కుడిది కాబట్టి ముందు కుడి కంటిలోది తీశాడు. తీయగానే వాచీ ఆయన ముందుకు వచ్చి నిలబడింది. పళ్ళచక్రాలు, స్క్రూ తలల మీది గాట్లు, స్ప్రింగు చుట్టలు, ఒక్కోటీ లెక్కపెట్టుకోవచ్చు. బల్ల అంచున ఆ ఎగిరిన స్క్రూ కూడా దొరికింది. పోయిన ప్రాణం లేచొచ్చింది, లేచొచ్చిన ఊపులో చేతులు తమ పని తాము చేసుకుపోయాయి.

వాచీవాడికి నీళ్ళను మించిన పగవాడు లేడు. మజీదు బల్ల మీద నీటిచుక్క పడితే పాము పడ్డట్టే. విప్పిన ఏ సామానైనా తడి లేకుండా తుడిచి, గాలి ఊది, తెల్లకాగితం మీద పెట్టి, దుమ్ము పడకుండా గాజు గ్లాసు బోర్లించడం ఆయన ఉస్తాదు నేర్పిన మొదటి పాఠం. ఆ చేతులే లెన్సును మెత్తటి గుడ్డతో శుభ్రంగా తుడిచాయి. రబ్బరు బుడ్డితో రెండుసార్లు గాలి ఊదాయి. తెల్లకాగితం మీద పెట్టి గ్లాసు బోర్లించాయి. ఉప్పునీళ్ళ సీసా, రెండు గుంటల డబ్బీ సంచిలో భద్రంగా ఉన్నాయి.

మధ్యాహ్నం కోటిలింగం వచ్చి గ్లాసు ఎత్తాడు.

"ఏందిరా ఇది? చేప పొలుసు దాచుకున్నావు?"

మజీదు చూశాడు. లెన్సు ఎండి, ముడుచుకుని, అంచులు చిట్లి ఉంది. వేలు తగలగానే రెండు ముక్కలైంది. ఏం జరిగిందో కోటిలింగానికి చెబితే, ఆయన అరుగు మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "నీళ్ళల్లో ఉండాల్సిందాన్ని తుడిచి ఆరబెట్టావా! చేపని ఒడ్డున ఏసి జలుబు చేస్తదని కప్పావన్నమాట!"

"నవ్వింది చాల్లే. అదుగో, రంగారావు వస్తన్నాడు, నీకు బాకీ ఉన్నాయన. పక్కసందులోకి తిరిగాడు చూడు."

"యాడ?" అని లేచి, కోటిలింగం ఆగిపోయాడు. "ఆగాగు. పదో కొట్టు కాడి మనిషి నీకెట్టా కనపడ్డాడు? చేతిలో ఆ వాచీ ఎట్టా కనపడతంది? రెండూ ఒకేసారి ఎట్టారా?"

మజీదు ఎడమకన్ను మూశాడు. రోడ్డు పోయింది, వాచీ ఉంది. కుడికన్ను మూశాడు. వాచీ పోయింది, రోడ్డు ఉంది. రెండూ తెరిచాడు. రెండూ ఉన్నాయి. కాస్త తల తిరుగుతున్నట్టుంది, అంతే.

మర్నాడే గుంటూరు పోయాడు. ఎండిన ముక్కలు కాగితంలో మడిచి డాక్టరు ముందు పెట్టి, తప్పు చేసిన పిల్లాడిలాగా జరిగిందంతా చెప్పాడు. ఈసారి వాచీల పని దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. ఫిలోమినా కలం కింద పెట్టేసింది.

"ఈ మాట మొన్న చెప్పాలి గదయ్యా! ఫ్యాక్టరీ అంటే బస్తాలు లెక్కపెడతావో, లారీలు చూస్తావో అనుకున్నా. నీ కన్ను దూరానికి గుడ్డి, జానెడు దూరానికి దేవుడిచ్చిన భూతద్దం. దూరం సరిచేస్తే ఆ జానెడూ పోతుంది. కుర్రవాళ్ళకైతే కన్ను సర్దుకుంటుంది, నీ వయసుకి సర్దుకోదు."

"లెన్సు తీయంగానే వచ్చింది గదమ్మా?"

"లెన్సు తీస్తావు కాబట్టి వచ్చింది. కోసింది ఏం తీస్తావు?"

మజీదు గోడమీది కాలెండరు చూశాడు. నవంబరు పదహారుకు ఇంక ఇరవై రెండు రోజులే ఉన్నాయి. బంకులో బల్లమీద వాచీ తెల్లటి మచ్చయిన గంటసేపూ, ఒళ్ళంతా పట్టిన చెమటా గుర్తొచ్చాయి. ఆ గంటను బతుకంతా సాగదీస్తే ఎలా ఉంటుందో లెక్కవేసుకున్నాడు.

"ఒక కంటికే లెన్సు పెట్టి, రెండోదాన్ని దగ్గరికి వదిలేయడం కొందరికి మేం కావాలనే చేస్తాం. నువ్వు గ్లాసు బోర్లించి కనిపెట్టావు" అంది డాక్టరు. "ఎడమదానితోనే టెస్టుకి పో. ఒప్పుకుంటే ధూళి సంగతి అప్పుడు చూద్దాం."

దాచేపల్లి బస్సు దిగేసరికి మజీదు జుట్టు నెరిసింది. వయసువల్ల కాదు, సిమెంటువల్ల. అక్కడ చెట్లూ, కాకులూ కూడా ముసలివే. ఎడమకంట్లో ఇసక పోసినట్టయింది. నీళ్ళు కారుతుంటే సెంటిమెంటు కొద్దీ ఏడుస్తున్నాడనుకుని గేటు దగ్గరి వాచ్‌మన్ "ఉద్యోగం పోయిందా, అన్నా?" అని అడిగాడు. "ఇంకా రాలేదు" అన్నాడు మజీదు.

ఫ్యాక్టరీ ఆసుపత్రిలో కాంపౌండరు శౌరి ఒక అట్టముక్కతో ముందు కుడికన్ను మూశాడు. ఎడమకంటితో మజీదు గోడమీది అక్షరాలన్నీ అడుగు వరస దాకా చదివాడు. అట్ట మారింది.

"ఇప్పుడు?"

"గోడుంది."

"గోడ మీద?"

"గోడే ఉంది."

శౌరి కాగితం మీద ఏదో గీకి, దాన్ని వెంకట్రామయ్య గారికి ఇవ్వమని పంపించాడు. వెంకట్రామయ్య అది చదివి నిట్టూర్చాడు. ఆయన బల్లనిండా చెడిపోయిన మీటర్లు.

"ఒక కన్ను పాసు, ఒక కన్ను ఫెయిలు. రెండూ పాసవ్వాలి మజీద్ భాయ్. మద్రాసు తారీఖు ఉందన్నారుగా? పోయి చేయించుకు రండి. మీ పోస్టు మూడు నెలలు ఎవరికీ ఇవ్వకుండా ఆపుతాను. దగ్గరికి భూతద్దం వాడుకోవచ్చు."

మంచిమాటే. మనసున్న మాట. మజీదు దానికి జవాబు చెప్పకుండా బల్లమీది మీటర్లలో ఒకటి తీసి చేతిలో తిప్పి చూశాడు. గాలి ఒత్తిడి మీటరు, ముల్లు సగంలో బిగుసుకుపోయి ఉంది.

"దీన్ని విప్పమంటారా సార్?"

"ఇప్పుడా? విప్పండి."

మజీదు జేబులోంచి స్క్రూడ్రైవరు, పట్టకారు తీశాడు. మీటరును ముక్కుకు జానెడు దూరంలో పెట్టుకుని, నీళ్ళు కారే ఎడమకన్ను మూసుకుని, ఫెయిలైన కుడికంటితో పని మొదలుపెట్టాడు. ధూళి లోపలికి పోయి స్ప్రింగు చుట్టలు రెండు అతుక్కుని ఉన్నాయి. వాటిని విడదీశాడు. వంగిన ముల్లు ఇరుసును గోటిమీద పెట్టి సరిచేశాడు. వెంకట్రామయ్య ముందు నిలబడి చూశాడు, తర్వాత వంగి చూశాడు, తర్వాత తన కళ్ళకు ఏమీ కనపడక కుర్చీలో కూర్చున్నాడు. అరగంట పట్టింది. మీటరును గాలిగొట్టానికి తగిలించి కొళాయి తిప్పితే ముల్లు మెల్లగా లేచి, ఆగాల్సిన చోట ఆగింది.

"సార్, మీరు ఫెయిలు చేసిన కన్ను ఇదే" అన్నాడు మజీదు. "మీకు పనికొచ్చేది కూడా ఇదే. దీన్ని కోయించుకుని వస్తే మీ గోడ మీది అచ్చరాలు చదువుతా. మీటరు మాత్రం చేయలేను. భూతద్దం పెట్టి చూశాను, నా చెయ్యి దాని మాట వినట్లా. మద్రాసు నేను పోను."

వెంకట్రామయ్య లేచి కొళాయి కట్టేశాడు. "రూలు మార్చటం నా చేతిలో లేదు మజీద్ భాయ్."

"నేను లోపలికి రావటానికి గదా సార్ రూలు. మీటరు బయటికి పోవటానికి ఏం రూలుంది?"

వెంకట్రామయ్య తలెత్తాడు. "గేట్ పాస్ ఉంటే పోతుంది." కలం తీస్తూనే, "కాని నెలజీతం ఉండదు. మీటరుకింత అని బిల్లు. ఒక నెల పది రావచ్చు, ఒక నెల రెండే రావచ్చు. ముందే చెబుతున్నాను" అన్నాడు.

మజీదుకు ఒకటో తారీఖు జీతం కళ్ళముందు కాస్త మెరిసి పోయింది. రెండు కళ్ళతోనూ దాన్ని చూసి సాగనంపాడు.

"రాయండి సార్ గేట్ పాస్."

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టారు. మహమూదా వాకిట్లోనే ఉంది. ఆయన చేతిలో అట్టపెట్టె, కంట్లో ఎరుపు చూసి, "వచ్చిందా?" అంది.

"ఉద్యోగం రాలేదు. పని వచ్చింది" అన్నాడు. లోపలికి పోయి లెన్సు తీసి, మొహం కడుక్కుని, పాత కళ్ళజోడు పెట్టుకుని పెట్టె విప్పి చూపించాడు. మూడు మీటర్లు.

"కళ్ళు?"

"ఎక్కడున్నవి అక్కడే ఉంటయ్. కత్తీ లేదు, కటకమూ లేదు."

ఆవిడ లోపలికి పోయి టీ పెట్టింది. చక్కెర మామూలుకన్నా రెండు చెంచాలు ఎక్కువ పడింది.

మర్నాడు పొద్దున బంకులో కూర్చుని మజీదు మద్రాసు ఆసుపత్రికి పోస్టుకార్డు రాశాడు. అరుగు మీద నుంచి కోటిలింగం మెడ సాచి చదివాడు.

"అయ్యా, నవంబరు పదహారున నాకు ఇచ్చిన టైము నాకు అవసరం లేదు. ఇంకెవరికైనా ఇవ్వగలరు. వాచీ మెకానిక్కులకు మాత్రం ఇవ్వవద్దు. ఇట్లు, అబ్దుల్ మజీద్."

"చివరి ముక్క ఎందుకురా? డాక్టర్లకి నువ్వు సలహాలా?"

"వాళ్ళకి తెలీదు గదా, మెకానిక్కులు ఏం చూసి పనిచేస్తారో."

"నాకు మాత్రం తెలుసా? ముప్పై ఏళ్ళు పక్కనే ఉండి నేనే నిన్ను మద్రాసు పొమ్మన్నా" అన్నాడు కోటిలింగం. కార్డు తనే తీసుకుని, కొట్టు వదిలి, పోస్టాఫీసు దాకా నడిచిపోయాడు. మజీదు అద్దాలు తీసి పక్కన పెట్టి, పెట్టెలోని మొదటి మీటరు విప్పాడు.